ప్రార్థించే నోటితోనే బేరం

సొలొమోను జ్ఞాని రాజమందిరాల సంగతే కాదు, బజారు సంగతి కూడా బాగా ఎరిగినవాడు. సామెతల గ్రంథం 20వ అధ్యాయం 14వ వచనంలో ఆయన ఒక కొనుగోలుదారుణ్ణి మన కళ్ల ముందు నిలబెడతాడు. ఆ మనిషి వస్తువును చేతిలో పట్టుకుని ఇది బాగాలేదు, పనికిరాదు అని పెదవి విరుస్తాడు. తీరా ధర తగ్గించుకుని నాలుగు అడుగులు వేశాక, ఎంత చౌకగా కొన్నానో చూడండని గొప్పలు చెప్పుకుంటాడు. సొలొమోను కాలంనాటి ఈ మనిషిని చూడాలంటే మనం యెరూషలేము దాకా వెళ్లనక్కరలేదు. హైదరాబాదులో నయాపూల్ దాకా వెళితే చాలు. ఇంకా దగ్గరగా చూడాలంటే మన ఇంట్లో అద్దం ముందు నిలబడితే చాలు.

మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ తరువాత, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో వచ్చిన వంతెన గనుక దీనికి నయాపూల్ అని పేరు పడింది. ఒక ఒడ్డున అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అవతలి ఒడ్డున హైకోర్టు భవనం, సిటీ కాలేజీ, సాలార్‌జంగ్ మ్యూజియం. మదీనా చౌరస్తా దాటితే పత్తర్‌గట్టి, గుల్జార్‌హౌజ్, చార్మినార్. వెనక్కి తిరిగితే ఉస్మాన్‌గంజ్, బేగంబజారు, కోఠి. ఎటు చూసినా హోల్‌సేల్ దుకాణాలు, తోపుడు బండ్లు, ఫుట్‌పాత్ మీద పరిచిన పట్టాలు. ఇక్కడ కొనేవారిలో ఎక్కువమంది చేతిలో డబ్బు లెక్కపెట్టుకుని వచ్చినవారే. ఆసుపత్రిలో ఉన్న తమవారి కోసం చాప, గిన్నె, ఫ్లాస్కు కొనే పల్లెవారు, కోర్టు వాయిదాకు వచ్చి పిల్లలకు చొక్కాలు కొనుక్కుపోయేవారు, వారితోపాటు మన విద్యార్థులు.

కాలేజీలు తెరిచే రోజుల్లో చూడండి. నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో, ఖమ్మం నుంచో వచ్చిన బస్సు ఇమ్లీబన్ బస్టాండులో ఆగుతుంది. పిల్లవాడు దిగుతాడు. అమ్మ సర్దిన సంచిలో ఊరగాయ సీసా ఉంటుంది, బైబిలు ఉంటుంది. చొక్కా లోపలి జేబులో నాన్న లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు ఉంటుంది. ఆ డబ్బులోనే బకెట్టు, మగ్గు, చాప, దిండు, దుప్పటి, పెట్టెకు తాళం, నోటుపుస్తకాలు అన్నీ రావాలి. ఊరిలో సంఘమంతా కలిసి చేతులుంచి ప్రార్థన చేసి మరీ పంపిన బిడ్డ అతడు. పట్నంలో చెడు స్నేహాల గురించి, సినిమాల గురించి, ఆదివారం ఆరాధన మానవద్దని మనం ఎంతో చెప్పి పంపుతాం. కానీ అతడు పట్నంలో దిగిన మొదటి రోజే చేయబోయే పని, అంటే బజారులో నిలబడి కొనడం, దాని గురించి మాత్రం ఒక్క మాట చెప్పం. అది ఆత్మీయ విషయం కాదనుకుంటాం. అక్కడే మనం పొరపడుతున్నాం.

పొదుపుగా కొనడం తప్పని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. బీదరికం సిగ్గుపడవలసిన సంగతి కాదు. మన ప్రభువును దేవాలయానికి తీసుకుని వచ్చినప్పుడు మరియ యోసేపులు అర్పించినది గొర్రెపిల్ల కాదు, గువ్వల జత లేక రెండు పావురపు పిల్లల అర్పణ (లూకా 2:24). గొర్రెపిల్ల కొనే స్తోమత లేనివారికి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది (లేవీయకాండము 12:8). లోకరక్షకుడు తక్కువ డబ్బుతో బజారు చేసే ఇంట్లో పెరిగాడు. కాబట్టి ధర అడిగి, నాలుగుచోట్ల చూసి, అక్కరలేనిది వదిలిపెట్టి, అక్కరైనదాన్ని చౌకగా దొరికేచోట కొనే విద్యార్థి మంచి గృహనిర్వాహకుడే. తండ్రి చెమటను గౌరవించినవాడే. ప్రశ్న అది కాదు. తక్కువ ధర కోసం మన నోరు ఏమి చేస్తోంది, ఆ తగ్గించిన డబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చింది అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకంలో దొరకలేదు, నయాపూల్ దగ్గరే దొరికింది. పాతికేళ్ల క్రితం మేమిద్దరం ఒకే ఊరివాళ్లం, ఒకే గదిలో ఉండి చదువుకునేవాళ్లం. వానాకాలం, సాయంత్రం పూట. వంతెనకు ఇవతల ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి ఒక పెద్దావిడ దుప్పట్లు అమ్ముతోంది. ధర అడిగితే నూట యాభై అంది. మేము యాభై అన్నాం. నేత పలచగా ఉందన్నాం, ఒక్క ఉతుకుకే రంగు పోతుందన్నాం. "గంతకు రాదు బిడ్డా, నాకే నూరు పడ్డది" అందామె. అమ్మేవాళ్లంతా అదే మాట అంటారని మేము నవ్వుకున్నాం. మదీనా దగ్గర డెబ్బైకే ఇస్తున్నారని చెప్పాం. నిజానికి ఆ రోజు మేము మదీనా వైపు వెళ్లనే లేదు. వదిలేసి వెళ్లిపోతున్నట్లు నాలుగు అడుగులు వేశాం. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఆమె వెనక్కి పిలిచింది. "పొద్దుగాల్నుంచి బోణీ గాలె. ఎనభై ఇచ్చి తీస్కపోండి" అంది. పొద్దుగూకే వేళకు బోణీ కాని మనిషి దగ్గర మేము బేరం గెలిచాం.

ఆ శనివారం యౌవనస్థుల కూడికలో మేము నిలబడి సాక్ష్యం చెప్పాం. దేవుడు మా అక్కరలన్నీ ఎరిగి, నూట యాభై రూపాయల దుప్పటిని ఎనభైకే ఇప్పించాడని చెప్పాం. మదీనా మాట చెప్పి ఎలా దారికి తెచ్చామో కూడా తెలివిగా వివరించాం. అందరూ నవ్వారు, స్తోత్రం అన్నారు. వెనక వరుసలో కూర్చున్న సంఘ పెద్ద ఒకాయన, బడిపంతులుగా చేసి విరమించినవారు, కూడిక ముగిశాక మమ్మల్ని పిలిచారు. "బాబూ, డెబ్బైకి ఇచ్చే ఆ కొట్టు ఎక్కడో చెప్పండి, నాక్కూడా ఒక దుప్పటి కావాలి" అన్నారు. మా నోట మాట రాలేదు. ఆయన కోప్పడలేదు. కాసేపాగి, "మీకు దేవుడు దుప్పటి ఇప్పించాడు, సంతోషం. మరి ఆ అమ్మకు ఆ రాత్రి ఏమి ఇప్పించాడు?" అని మాత్రం అడిగారు. తరువాత తన బైబిలు తెరిచి సామెతలు 20వ అధ్యాయం మా చేత చదివించారు.

ఆ అధ్యాయాన్ని మీరూ ఒకసారి తెరిచి చూడండి. 10వ వచనంలోనూ 23వ వచనంలోనూ వేరువేరు తూనికరాళ్ల గురించి, దొంగత్రాసు గురించి ఉంది. అవి యెహోవాకు అసహ్యమని వాక్యం చెబుతోంది. అది అమ్మేవానికి హెచ్చరిక. ఆ రెంటి నడుమ 14వ వచనంలో కొనేవాని నోరు ఉంది. మనం ప్రసంగాల్లో తూనికరాళ్ల గురించి విన్నంతగా ఈ నోటి గురించి వినలేదు. దొంగత్రాసు పట్టుకోవడానికి తూనికలు కొలతల శాఖ ఉంది, 2009 నాటి చట్టం ఉంది. ప్యాకెట్టు మీద ముద్రించిన ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకుంటే నేరం. కానీ ఉన్న సరుకును లేనిదిగా, బాగున్నదాన్ని బాగాలేనిదిగా తూచే కొనుగోలుదారుని నాలుకను పట్టుకునే ఇన్‌స్పెక్టరు ఏ శాఖలోనూ లేడు. దాన్ని చూసేవాడు దేవుడు ఒక్కడే. మేము పలచన అన్న ఆ దుప్పటి మా చదువు అయ్యేదాకా వచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదు. కప్పుకున్న ప్రతి రాత్రీ అది మా మాటను అబద్ధం చేస్తూనే ఉంది.

అలాగని బేరమాడడమే పాపమా? పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ నాయకత్వంలో బయలుదేరిన క్వేకర్లు దాదాపు ఆ మాటే అన్నారు. అమ్మదలచిన ధర ఒకటి, అడిగే ధర ఇంకొకటి అయితే అది అబద్ధమే కదా అని వారు వాదించారు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లుండాలని ప్రభువు చెప్పిన బోధను (మత్తయి 5:37) వారు దుకాణంలోకి తీసుకువచ్చారు. వస్తువుకు ఒకే ధర చెప్పారు, అదే తీసుకున్నారు. మొదట్లో గిరాకీ తగ్గింది. తరువాత ఈ కొట్లలో చిన్నపిల్లవాణ్ణి పంపినా మోసం జరగదని జనానికి తెలిసింది, వెతుక్కుంటూ వచ్చారు. ఈనాడు పెద్ద దుకాణాల్లో మనం తల వంచుకుని కట్టే స్థిరమైన ధరకు ఆ విశ్వాసుల మనస్సాక్షి కూడా ఒక పునాది.

అయితే మన బజార్ల పద్ధతి వేరు. నయాపూల్ దగ్గర అమ్మేవారూ బేరం జరుగుతుందని తెలిసే ధర చెబుతారు. కొత్త ముఖం కనబడితే రెండింతలు చెప్పేవారూ లేకపోలేదు. అక్కడ ధర తగ్గించమని అడగడం పాపమని మేము అనం. ఇద్దరూ తమ తమ అవసరాలు చెప్పుకుని ఒక ధరకు రావడం మాటల కలయికే. కానీ ఆ మాటల్లో అబద్ధం ఉండకూడదు, ఎదుటివాని ఆపద మనకు ఆయుధం కాకూడదు. ఈ రెండు గీతలూ దాటితే అది బేరం కాదు, దోపిడీ.

విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాము ఎంత గొప్పగా బేరమాడగలడో మనకు తెలుసు. ఆదికాండము 18వ అధ్యాయంలో సొదొమ కోసం దేవునితోనే బేరమాడాడు. యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి, నలభై అయిదు, నలభై, ముప్పై, ఇరవై, చివరికి పదిమంది దాకా తెచ్చాడు. అంతటి బేరగాడు 23వ అధ్యాయంలో భార్య శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను కొన్నప్పుడు ఏమి చేశాడు? ఎఫ్రోను నాలుగు వందల తులాల వెండి అన్నాడు. అబ్రాహాము ఒక్క మాట అనలేదు. వర్తకుల లెక్క ప్రకారం తూచి ఇచ్చేశాడు. అది చాలా ఎక్కువ ధర అని అనేకమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ఇతరుల ప్రాణాల కోసం పట్టు విడవకుండా అడిగిన నోరు, తన సొంత లాభం దగ్గర మౌనంగా ఉంది. మన నోరు దీనికి సరిగా తలకిందులు. పొరుగువాని కోసం రెండు నిమిషాలు ప్రార్థించడానికి అలసిపోతుంది, పది రూపాయల కోసం అరగంట వాదిస్తుంది.

దావీదు సంగతి మరీ ఆశ్చర్యం. అరౌనా తన కళ్లాన్నీ ఎడ్లనూ ఉచితంగా ఇస్తానన్నాడు. రాజు తలచుకుంటే ఉత్తినే తీసుకోవచ్చు. కానీ దావీదు యాభై తులాల వెండి ఇచ్చి కొన్నాడు. నాకు ఖర్చు లేనిదాన్ని నా దేవునికి ఎలా అర్పిస్తానన్నది ఆయన భావం (2 సమూయేలు 24:24). మేము నిలబడి చెప్పిన దుప్పటి సాక్ష్యం సరిగ్గా ఇక్కడే పట్టుబడింది. దాని ఖర్చు మేము పెట్టలేదు. బోణీ కాని ఆ అమ్మ పెట్టింది. ఆమె నష్టాన్ని మేము దేవుని కృప అని పిలిచి, స్తోత్రం అనిపించుకున్నాం.

మేమూ పేదవాళ్లమే కదా అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మేమూ ఆ పెద్దాయన్ను అదే అడిగాం. కాని ఫుట్‌పాత్ వ్యాపారి లెక్క ఒకసారి చూడండి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వీధి వ్యాపారుల కోసం స్వనిధి పథకం పెట్టినప్పుడు తొలి విడత అప్పు పదివేల రూపాయలు. వ్యాపారం తిరిగి నిలబెట్టుకోవడానికి ఆ పదివేలు సాయపడతాయని అనుకున్నారంటే, ఆ పట్టా మీద పరిచిన సరుకు మొత్తం విలువ ఎంతో మనం ఊహించుకోవచ్చు. బ్యాంకు తెలియనివారికి రోజువారీ వడ్డీలే దిక్కు. పొద్దున తొమ్మిది వందలు చేతికి తీసుకుని సాయంత్రానికి వెయ్యి కట్టే అప్పులు తోపుడు బండ్లవారికి కొత్త కాదు. వాన వస్తే ఆ రోజు అమ్మకం పోతుంది, వడ్డీ మాత్రం పోదు. వీధిలో అమ్ముకోవడం హక్కు అని 2014లో చట్టం వచ్చినా, ఎప్పుడు లేచి సర్దుకోవలసి వస్తుందో అన్న భయం పోలేదు. విద్యార్థి ఇబ్బంది కొన్నేళ్లది, వెనుక తల్లిదండ్రులు ఉన్నారు. ఆమె ఇబ్బంది రోజూ ఉండేదే, వెనుక ఎవరూ లేకపోవచ్చు. ఇద్దరు బీదల మధ్య ఎవరు ఎవరిని నొక్కారన్నది దేవుడు చూస్తాడు.

పైగా మన తీరు గమనించండి. ఇదే మనం పెద్ద మాల్‌లోకి వెళ్లామనుకోండి. చొక్కా మీద నాలుగు వందల తొంభై తొమ్మిది అని ఉంటే అయిదు వందలు తీసి ఇస్తాం. కాఫీ ధర చూసి గుండె ఝల్లుమన్నా నోరెత్తం. తగ్గించమని అడగడం అక్కడ చిన్నతనం. బయటికి వచ్చి ఆటో అతని దగ్గర, కూరగాయలామె దగ్గర మన తెలివంతా చూపిస్తాం. బలవంతుని ముందు వినయం, బలహీనుని ముందు పౌరుషం. దీనికి పొదుపు అని పేరు పెట్టుకుంటాం. యాకోబు తన పత్రికలో బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి చోటు చూపి, మురికి బట్టలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోమన్న సంఘాన్ని గద్దించాడు (యాకోబు 2:2-4). ఆ పక్షపాతం మందిరంలోనే కాదు, బజారులోనూ ఉంది.

మరి విద్యార్థి ఎలా బతకాలి? దారులు ఉన్నాయి, అబద్ధం అక్కరలేని దారులే. కోఠిలో పాత పాఠ్యపుస్తకాలు దొరుకుతాయి. ఒకరు వాడిన పుస్తకం చదివితే మార్కులు తగ్గవు. అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. నయాపూల్‌కు కూతవేటు దూరం. అక్కడ కూర్చుని చదువుకునే పుస్తకానికి ధర కట్టనక్కరలేదు. గదిలో నలుగురు ఉంటే నలుగురూ కలిసి బేగంబజారు వెళ్లి గిన్నెలు, గ్లాసులు, సబ్బులు ఒకేసారి టోకున తెచ్చుకుంటే ధర దానంతటదే తగ్గుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన పథకం ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం చేసింది. అలా మిగిలిన డబ్బును ఫోన్ రీచార్జీలకే పోయనక్కరలేదు. అన్నిటికన్నా ముందు, బయలుదేరేటప్పుడే కావలసినవి కాగితం మీద రాసుకోండి. రాయనిది కొనకండి. చేతిలో లేని డబ్బుతో కొనిపించే ఫోన్ అప్పుల జోలికి పోకండి. అప్పు చేసి పప్పు కూడు తిన్నవాడు తరువాత ఆ పప్పు కూడా లేక బాధపడతాడు. ఎవనికీ ఏమీ అచ్చియుండవద్దన్న పౌలు మాట (రోమా 13:8) ఈ కాలపు విద్యార్థి ఫోన్‌లో అంటించుకోవలసిన మాట.

ఇక బేరం దగ్గర నిలబడినప్పుడు మూడు సంగతులు చాలు. ఉన్న మాట చెప్పండి. నా దగ్గర వంద మాత్రమే ఉంది అనడం తప్పు కాదు, జేబులో రెండు వందలు పెట్టుకుని అనడం తప్పు. మంచి సరుకును చెడ్డదనకండి. అంత ఇవ్వలేనని చెప్పి నమస్కారం పెట్టి కదలండి, అందులో అవమానం లేదు. బోణీ కాని వేళ, వాన పడే వేళ, బండి సర్దుకునే వేళ చూసి ధర విరగ్గొట్టకండి. ఎదుటివాని దురవస్థే మనకు లాభమయ్యే చోట విశ్వాసి ఒక అడుగు వెనక్కి వేయాలి.

ఈ పొదుపుకు ఒక గమ్యం కూడా ఉండాలి. జాన్ వెస్లీ తన ప్రసంగాల్లో ఒకదానిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఒక మెథడిస్టు యువకుని గురించి చెప్పాడు. అది వెస్లీ సొంత అనుభవమేనని చాలామంది అంటారు. అతనికి మొదటి సంవత్సరం 30 పౌండ్లు వస్తే 28తో గడుపుకుని 2 దానం చేశాడు. రెండో సంవత్సరం 60 వచ్చాయి, మళ్లీ 28తోనే గడుపుకుని 32 ఇచ్చాడు. మూడో సంవత్సరం 90లో 62, నాలుగో సంవత్సరం 120లో 92. ఆదాయం నాలుగింతలైనా ఖర్చు అక్కడే ఆగింది. ఇది పొదుపంటే. అదే వెస్లీ 1760లో ప్రచురించిన ధన వినియోగం గురించిన ప్రసంగంలో, పొరుగువాని జీవనోపాధికి హాని చేసి సంపాదించరాదని హద్దు గీశాడు. పొరుగువాణ్ణి పిండి మిగిల్చుకునేది పొదుపు కాదు, తన కోరికను తగ్గించుకుని మిగిల్చేదే పొదుపు.

విద్యార్థులకు మాత్రమే చెప్పి ఊరుకోలేం. తల్లిదండ్రులారా, పిల్లవాడు ఫోన్ చేసినప్పుడు ఎంతకు కొన్నావని అడుగుతాం. తక్కువకు కొంటే శభాష్ అంటాం. ఎలా కొన్నావని కూడా అడుగుదాం. సంఘాలారా, పైతరగతికి వెళ్లినవారి పుస్తకాలు, బకెట్లు, దుప్పట్లు మందిరంలో ఒక గదిలో ఉంచి కొత్తగా వచ్చే పిల్లలకు ఇస్తే, పరాయి పట్నంలో వారి మొదటి నెల ఎంత తేలికవుతుందో ఆలోచించండి. దానికి పెద్ద చందాలు అక్కరలేదు, ఒక బీరువా, ఒక తాళంచెవి చాలు. వ్యాపారం చేసే విశ్వాసులారా, పల్లె నుంచి వచ్చిన కుర్రవాడి ముఖం చూసి ధర పెంచకండి. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం అడిగే తప్పులేని తూనికరాయి మీ నాలుక మీద కూడా ఉండాలి.

మన ప్రభువుకు బజారు ధరలు తెలుసు. మత్తయి 10:29లో రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముతారని చెప్పాడు. లూకా 12:6లో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అన్నాడు. లెక్క చూడండి. కాసుకు రెండు చొప్పున రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది కొసరు. బేరమాడినవాని చేతిలో అమ్మేవాడు ఊరికే పెట్టిన పిచ్చుక. దానికి ధరే లేదు. ఆ ధర లేని దానిని కూడా దేవుడు మరువడని ప్రభువు చెప్పాడు. మహానగరపు లెక్కల్లో ఫుట్‌పాత్ మీది ఆ అమ్మ కొసరు. హాస్టల్ గదిలో ఖర్చు లెక్క రాసుకునే విద్యార్థీ కొసరే. ఇద్దరూ దేవుని జ్ఞాపకంలో ఉన్నారు. ఆయన జ్ఞాపకముంచుకున్న ఒకరు, ఆయన జ్ఞాపకముంచుకున్న ఇంకొకరిని పిండుకోవడం ఎలా కుదురుతుంది?

తరువాతి శనివారం మేమిద్దరం మళ్లీ వెళ్లాం. ఆమె అక్కడే ఉంది. డెబ్బై రూపాయలు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. "అయిపోయిన బేరం బిడ్డా, మల్ల పైసలెందుకు" అంది. మదీనా సంగతి అబద్ధమని చెప్పాం. నాకు తెలుసన్నట్లు చూసి ఊరుకుంది. మా గదిలో ఉండే మూడో కుర్రవానికి దుప్పటి లేదు. ఆమె చెప్పిన నూట యాభైకే ఇంకొకటి కొన్నాం. డబ్బు లెక్కపెట్టుకుని, అందులోంచి ఇరవై తీసి మా చేతిలో పెట్టింది. చదువుకునే పిల్లలు, బస్సుకు ఉంచుకోండి అంది. ఆ నెల ఆఖరి వారం మాకు పొద్దుటి టిఫిన్ లేదు. అయినా సాక్ష్యం చెప్పదగిన దుప్పటి ఆ రెండోదే.

ఈ వారం మనలో ఎందరో బజారుకు వెళతాం. ఆదివారం ప్రార్థించిన నోరే సోమవారం ధర అడుగుతుంది. అది వేరొక నోరు కాకుండా చూసుకుందాం.